అలియాస్ హలో

ఆ ఊళ్లో సభ పెట్టాలనుకున్నవాళ్లు ముందుగా వక్త కోసం వెతికేవారు కాదు, మైకుసెట్టు ఆయన ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కునేవారు. వక్తలకేం, కావలసినంతమంది. గరగరలాడకుండా పలికే మైకుసెట్టు మాత్రం ఊరంతటికీ ఒక్కటే. దాని యజమానిని అందరూ ‘హలో’ అనే పిలిచేవారు. వాళ్ల వాళ్ల వయసును బట్టి హలో అన్నా, హలో బాబాయ్, హలో గారూ అని తోక తగిలించుకునేవారు. స్తంభాలకు స్పీకర్లు కట్టి, ఎవరి కాలికీ తగలకుండా వైర్లు పరిచి, వేదిక ఎక్కి మైకు మీద వేలితో తట్టి “హలో, హలో, మైక్ టెస్టింగ్” అని దిగిపోవడం ఆయన పని. ఏళ్ల తరబడి ఆ నాలుగు మాటలకు ఐదో మాట చేర్చే అవకాశం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

అలాగని ఆయనకు కోరిక లేదని కాదు. వేదిక పక్కన కూర్చుని విని విని ఊళ్లోని ఉపన్యాసాలన్నీ ఆయనకు నోటికి వచ్చేశాయి. పొద్దున్నే స్నానాల గదిలో దూరి, చెంబు మైకులా పట్టుకుని “ప్రియమైన ప్రజలారా” అని మొదలుపెట్టేవాడు. బకెట్లో పడే నీళ్ల చప్పుడు ఆయన చెవులకు చప్పట్లలా వినిపించేది. తలుపు బయటి నుంచి భార్య, “ఏమండీ, సభ ముగిస్తే నేను స్నానం చేసి డ్యూటీకి వెళ్తాను” అనేది.

ఆవిడ బస్టాండులో అనౌన్సరు. “దయచేసి గమనించగలరు” అని ఆవిడ ఒక్క మాట అంటే అంత పెద్ద బస్టాండూ చెవులు రిక్కించేది. రోజంతా మైకులో మాట్లాడే భార్యకు, రోజంతా మైకులు మోసే భర్తకు మధ్య ఈ విషయంలో చిన్న అసూయ ఉండేది. అది పూర్తిగా భర్త వైపు నుంచే.

ఇలా ఉండగా, కూరగాయల మార్కెట్టు స్థలాన్ని ప్రభుత్వం తీసుకోబోతోందని ఊళ్లో గుప్పుమంది. అక్కడి వ్యాపారులంతా కలిసి సభ పెట్టుకున్నారు. ఉపన్యాసానికి మాస్టారిని పిలిచారు. మాస్టారంటే కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన పెద్దాయన. ఆయన నోరు తెరిస్తే విషయం ముగియాలి తప్ప ఆయన ముగించరు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా చుర్రుమంటోంది. జనం బాగానే వచ్చారు గానీ అందరూ వెనకాల గోడ నీడలో గుంపుగా నిలబడిపోయారు. ముందు వరస కుర్చీలు బోసిగా ఉన్నాయి. నిర్వాహకుడు తల పట్టుకుని, “హలో అన్నా, నువ్వే ఓ మాట చెప్పి పుణ్యం కట్టుకో” అన్నాడు.

ఐదో మాట దానంతట అదే నడిచి వచ్చింది. హలో వేదికెక్కాడు. ‘ముందుకొచ్చి కూర్చోండి’ అంటే సరిపోయేది. కానీ ఇన్నేళ్లుగా లోపల కుక్కుకున్న ఉపన్యాసాలన్నీ ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నాయి.

“ప్రియమైన ప్రజలారా! వెనకే ఎందుకు ఉండిపోతారు? ఎవరికీ భయపడొద్దు. ముందుకు రండి! ఈ కుర్చీలు ఎవరి సొత్తూ కాదు, మీవే! వచ్చి ఆక్రమించండి!”

జనం నవ్వుకుంటూ ముందుకొచ్చి కూర్చున్నారు. తర్వాత మాస్టారు లేచి, ప్రజలను అడగకుండా ప్రజల స్థలం తీసుకోవడం ఏ చట్టం ప్రకారం ఎలా తప్పో వివరంగా చెప్పారు. గోడ నీడ సాగి సాగి వేదిక మీదికి వచ్చేసరికి ముగించారు. జనం చప్పట్లు కొట్టి, ప్రశాంతంగా ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ వారం గడవకముందే ఇద్దరు మనుషులు మామూలు బట్టల్లో హలో దుకాణానికి వచ్చారు. ఆయన పాత ఆంప్లిఫయరు విప్పుకుని కూర్చుని ఉన్నాడు.

“హలో అంటే నువ్వేనా?”

“నేనేనండీ. సభ ఎప్పుడు?” అన్నాడాయన, డైరీ కోసం చెయ్యి చాపుతూ.

సభ లేదు. జీపు ఉంది. ఎక్కడికి, ఎందుకు అంటే జవాబు లేదు. దారిలో మాస్టారింటి ముందు ఆగి ఆయన్నీ ఎక్కించుకున్నారు. “కళ్లజోడు తెచ్చుకుంటాను” అని మాస్టారు, “మా ఆవిడకి చెప్పొస్తాను” అని హలో ఎంత బతిమాలినా వినలేదు.

ఇద్దరినీ ఊరి చివరి జైల్లో, ఒకే గదిలో ఉంచారు. ఆ తర్వాత ఒక అధికారి వచ్చి ఉత్తర్వు చదివి వినిపించాడు. హలో నిలబడి విన్నాడు, కాసేపటికి వినడంలోనే ఒళ్లు మరిచిపోయాడు.

“‘హలో’ అనే సంకేతనామంతో తిరుగుతున్న ఈ వ్యక్తి... తానే హలోనని విచారణలో అంగీకరించాడు... అసాధారణ వాక్పటిమ గలవాడు... అతని గొంతు వినగానే జనసమూహాలు కదులుతాయి... కుర్చీలను ఆక్రమించండని బహిరంగంగా పిలుపునిచ్చి ప్రభుత్వాన్ని కూలదోయడానికి ప్రేరేపించాడు... ఇతను బయట ఉంటే దేశ భద్రతకు ముప్పు అని ప్రభుత్వం తృప్తి చెందింది...”

అధికారి వెళ్లాక హలో మంచం మీద కూలబడ్డాడు. భయం ఉంది, కాదనలేం. కానీ ఆ భయం అడుగున ఏదో చల్లగా, తియ్యగా తగులుతోంది.

“మాస్టారూ, అసాధారణ వాక్పటిమ అంటే మంచి మాటే కదా?”

“మామూలుగా అయితే మంచిదే,” అన్నారు మాస్టారు. “జైల్లో చదివి వినిపిస్తే మాత్రం కాదు. ఇది దేశ భద్రతా చట్టం, నాయనా. నేరం చేశావని వాళ్లు రుజువు చెయ్యక్కర్లేదు. చేస్తావేమోనని అనిపిస్తే చాలు. కేసుండదు, విచారణ ఉండదు. ఏడాది దాకా ఉంచొచ్చు.”

హలోకి తీపి దిగిపోయింది. అయితే మర్నాడు పొద్దున టీ పోసేవాడు, “వక్తగారూ, ఇంకొంచెం పొయ్యమంటారా?” అని అడిగేసరికి మళ్లీ కొంచెం ఎక్కింది.

మొదటిసారి చూడటానికి అనుమతి దొరికాక భార్య, మరదలు కలిసి వచ్చారు. మధ్యలో ఇనుప జాలీ. భార్య కళ్లు వాచిపోయి ఉన్నాయి. కాసేపు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, “చిక్కిపోయారు” అని ముఖం తిప్పేసుకుంది.

“అక్క నిద్రపోయి ఎన్నాళ్లయిందో, బావా,” అంది మరదలు. “నువ్వు కనబడని రోజు పోలీస్ స్టేషన్లన్నీ తిరిగి, అక్కణ్నించి డ్యూటీకి వెళ్లి, కొండవైపు బస్సుని రేవువైపు బస్సని చెప్పేసింది. ఒక పెళ్లివారంతా రేవులో దిగారు.”

మరదలు లాయరు. అద్దె ఇళ్ల తగాదాలు, ప్రహరీ గోడల గొడవలు చూసుకునే లాయరు. ఇంటి యజమానులు ఆవిడ పేరు చెబితే హడలిపోయేవారు గానీ ప్రభుత్వం అనే యజమానితో ఆవిడ ఎప్పుడూ తలపడలేదు. అయినా కొంగు బిగించి, హైకోర్టులో పిటిషన్ వేసింది. మనిషిని ఏ హక్కుతో బంధించారో కోర్టు ముందుకొచ్చి చెప్పమనే పిటిషన్ అది.

“మన కేసు చాలా తేలిక, బావా. నువ్వు నోట్లో నాలుక లేని మనిషివని కోర్టుకి చూపిస్తా. ఏళ్లుగా మైకుసెట్టు నడుపుతూ నాలుగు మాటలు తప్ప ఎరగవు. పెళ్లిచూపుల్లో కూడా నువ్వు మాట్లాడింది హలో అనేగా. అమ్మ, అక్క, నిర్వాహకుడు, అందరూ అఫిడవిట్లు ఇచ్చారు. నీ చేత ఏదీ కాదని ఊరంతా ఒక్కమాట మీద ఉంది.”

“అందరూనా?”

“పోటీ పడి మరీ ఇచ్చారు.”

హలో ముఖం ముడుచుకున్నాడు. “ప్రభుత్వమేమో అసాధారణ వాక్పటిమ అంటోంది. సొంతవాళ్లేమో...”

“బావా! నీకు బయటికి రావాలని ఉందా, నాయకుడివి కావాలని ఉందా?”

భార్య మొదటిసారి నవ్వింది. “ఈయన్ని ఇన్నేళ్లకి ప్రభుత్వమొక్కటే మెచ్చుకుందే. ఆ ముచ్చట కాస్త తీరనీ,” అని కళ్లొత్తుకుంది. జాలీలోంచి వేలు దూర్చి ఆయన వేలు పట్టుకుంది. ఆ వేలు ఆయన చాలాసేపు వదల్లేదు.

గదికి తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. మాస్టారు విరగబడి నవ్వారు. “మంచి వాదన. గెలుస్తుంది. నీకు మాట్లాడటం రాదని తేలిందంటే నిన్ను పంపించేస్తారు.”

“మరి మీ సంగతి?”

“నా సంగతా?” కళ్లజోడు లేని కళ్లు చికిలిస్తూ మాస్టారు గోడకు ఆనుకున్నారు. “నాకు రాదని ఎవరితో అఫిడవిట్ ఇప్పిస్తాం చెప్పు? ముప్ఫై బ్యాచ్‌ల పిల్లలు నేను మాట్లాడతానని సాక్ష్యమిస్తారు.”

ఆయన సరదాగానే అన్నారు. కానీ ఆ మాట హలోకి చెప్పులో రాయిలా అయింది. తను చెప్పిన మాటల్లో పస లేదు కాబట్టి ఇంటికి. మాస్టారి మాటల్లో పస ఉంది కాబట్టి జైలుకి. అంటే వక్తను లోపలేయడం తప్పు కాదు, మైకువాడిని లోపలేయడమే తప్పన్నమాట! దీంట్లో ఎక్కడో మెలిక ఉందని తెలుస్తోంది గానీ దాన్ని పట్టుకోవడం ఆయనకు చేతకాలేదు. మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ ఉండిపోయాడు.

విచారణ రోజున హలోని హాజరుపరచమని కోర్టు ఆదేశించింది. ఇద్దరు జడ్జీలు. పెద్దాయన మందపాటి కళ్లద్దాల్లోంచి అందరినీ ఒకేలా చూసేవాడు. పక్కన కూర్చున్నావిడ తక్కువ మాట్లాడి ఎక్కువ రాసుకునేది. వెనక బెంచీలో భార్య, ఆవిడ పక్కన హలో అత్తగారు. అత్తగారికి వినికిడి తక్కువ. అందుచేత ఆవిడ గుసగుస మామూలు మనుషుల కేకతో సమానం.

ప్రభుత్వ వకీలు లేచాడు. “ఇది దేశ భద్రతకు సంబంధించిన విషయం. ప్రమాదం ఉందని ప్రభుత్వం తృప్తి చెందింది. అది ప్రభుత్వ విచక్షణ. కోర్టు అందులోకి తొంగిచూడకూడదు.”

“దేన్ని చూసి తృప్తి చెందింది?” అన్నారు పెద్ద జడ్జి.

“కుర్చీల ప్రసంగం ఉంది. అదికాక రహస్య సమాచారం ఉంది.”

“ఏమిటది?”

“రహస్యమండీ.”

“మాకు కూడానా?”

ప్రభుత్వ వకీలు నీళ్లు నమిలాడు. “మీకని కాదు... అసలు ఎవరికీ...”

“మీకు తెలుసా?”

“నాకు... ఉందని తెలుసండీ.”

ఆ నిశ్శబ్దంలో అత్తగారి గుసగుస గణగణ మోగింది. “మా అల్లుడు ఇంటికొస్తే ఎంత చేసిపెట్టినా తృప్తి పడడు. ఈ ప్రభుత్వమేంటమ్మా, ఏమీ లేకుండానే తృప్తి పడిపోయింది?”

బిళ్ల బంట్రోతు ష్ ష్ అంటూ పరిగెత్తుకొచ్చాడు. రాసుకుంటున్న జడ్జిగారు రాయడం ఆపి, పెన్ను మూతితో పెదవులు దాచుకున్నారు.

మరదలు లేచింది. ఎండ, గోడ నీడ, ఖాళీ కుర్చీలు, నిర్వాహకుడి బతిమాలుడు, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పింది. “ఆక్రమించమన్నది ప్లాస్టిక్ కుర్చీలనండీ. సభ ముగియగానే జనం వాటిని వదిలేసి వెళ్లిపోయారు. ఇంత శాంతియుతమైన ఆక్రమణ ఎక్కడా జరిగి ఉండదు. ఇక ‘హలో’ సంకేతనామమట. మనందరం ఫోనెత్తగానే వాడేది ఆ సంకేతమే. ప్రభుత్వ వకీలుగారు కూడా ఇందాక వరండాలో వాడారు, నేను విన్నాను. ఆ లెక్కన ఆయనా ముఠాలో ఉన్నట్టే.”

కోర్టు గొల్లుమంది. ప్రభుత్వ వకీలు కూడా నవ్వేసి, నవ్వకూడదని గుర్తొచ్చి దగ్గాడు. హలోకి తన మరదల్ని చూస్తే కడుపు నిండిపోయింది. ఆవిడ అలాగే, “ఈ మనిషికి రెండు వాక్యాలు కలిపి మాట్లాడటం చేతకాదు” అని మొదలుపెట్టేసరికి ఆ నిండుదనంలో ఏదో ముల్లు కలుక్కుమంది. అత్తగారు జోరుగా తల ఊపుతోంది. భార్య మాత్రం తలొంచుకుని కూర్చుంది.

పెద్ద జడ్జి హలో వైపు తిరిగారు. “మీరేమైనా చెప్పుకుంటారా?”

మరదలు కళ్లతోనే వద్దంది. హలో బోనులోకి వచ్చాడు. ఎదురుగా మైకు. చెయ్యి తనకు తెలియకుండానే లేచి దాన్ని తట్టింది. “హలో, హలో...”

మళ్లీ నవ్వులు. చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్లూ స్నానాల గదిలో పలికిన పెద్ద పెద్ద మాటల్లో ఒక్కటీ ఆదుకోవడానికి రాలేదు. ‘ప్రియమైన ప్రజలారా’ కూడా ఎటో పారిపోయింది. ఉన్న మాటలతోనే మొదలుపెట్టాడు.

“అయ్యా, అమ్మా. మా మరదలు చెప్పింది నిజమే. నేనన్నది కుర్చీల గురించే. కానీ... ఒక్కటి అడుగుతాను. ఒకవేళ నాకు నిజంగానే మాట్లాడటం వచ్చనుకోండి. నా మాటకి జనం నిజంగానే కదిలేవాళ్లనుకోండి. అప్పుడు లోపల పడెయ్యొచ్చా?”

నవ్వులు ఆగిపోయాయి.

“నా పక్క మంచం మీద ఒకాయన ఉన్నారు. చాలా బాగా మాట్లాడతారు. ఆయనెవర్నీ కొట్టమనలేదు, తగలబెట్టమనలేదు. మార్కెట్టు గురించి చట్టంలో ఏముందో చెప్పారు, అంతే. నాకు చేతకాదు కాబట్టి నన్ను వదిలేస్తే, చేతనైనందుకు ఆయన్ని ఉంచేసినట్టే కదండీ? అలా బయటికి రావాలంటే నాకు సిగ్గుగా ఉంది. మేమేం తప్పు చేశామో చెప్పమనండి. చెప్పలేకపోతే వదిలెయ్యమనండి. నన్నయినా, ఆయన్నయినా. రహస్యం అంటే ఎట్లాగండీ? నా తప్పేంటో నాక్కూడా రహస్యమేనా?”

ఇంకా చెప్పాలనుకున్నాడు గానీ మాటలు అయిపోయాయి. బోను కర్ర పట్టుకున్నాడు.

అత్తగారు, “ఏమన్నాడే? ఏమన్నాడు?” అంటోంది. భార్య మాత్రం పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు ఆయన వంకే చూస్తోంది.

మరదలు కాసేపు తన కాగితాల కట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తర్వాత సగం కాగితాలు తీసి పక్కన పెట్టేసింది.

“అఫిడవిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నానండీ. మా బావ తెలివి తక్కువవాడా, వాగ్ధాటి ఉన్నవాడా అన్నది అనవసరం. ఎవర్నైనా సరే, కారణం చెప్పకుండా, ‘మాకు తృప్తిగా ఉంది’ అని బంధించే అధికారం ప్రభుత్వానికి ఉందా లేదా? ఇక నా వాదన ఇదొక్కటే.”

ఆ రోజు తీర్పు రాలేదు. జీపెక్కేటప్పుడు మరదలు దగ్గరికొచ్చి ఆయన చెయ్యి మీద గట్టిగా గిల్లింది. “గెలిచే కేసుని తీసుకెళ్లి పెద్ద కేసు చేశావు కదా, బావా! ఓడిపోతే అక్క నన్ను ఇంట్లోకి రానివ్వదు.” తిడుతున్నా ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి.

తీర్పు కోసం ఎదురుచూసిన రోజులు హలోకి నరకం. చేతులారా పాడు చేసుకున్నానా అని ఒకటే గుంజాటన. మాస్టారు ఆయన్ని ఏమరపించడానికి పాత రాజుల కథలన్నీ చెప్పారు. కథలన్నిట్లోనూ రాజులకు కోపం వస్తూనే ఉండేది, ఎవరో ఒకరు చెరలో పడుతూనే ఉండేవారు. అవి విని ఆయనకు ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయేది.

చివరికి తీర్పు వచ్చింది. పెద్ద జడ్జి చదివారు. “తృప్తి పడటం ప్రభుత్వం పని. దేన్ని చూసి తృప్తి పడిందో అడగడం మా పని. దేశ భద్రత అనే మాట పలకగానే కోర్టు తలుపులు వాటంతట అవే మూసుకుపోవు. తన తప్పేమిటో తెలియని మనిషి దానికి జవాబు చెప్పుకోలేడు. జవాబు చెప్పుకునే దారి లేకుండా మనిషిని బంధించడం చెల్లదు. ఉత్తర్వును కొట్టివేస్తున్నాం.”

హలో ఇంటికొచ్చాడు. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. కడుపునిండా తిని, తృప్తిగా ఉందని అత్తగారికి నోరారా చెప్పాడు. ఆవిడ వినబడనట్టు మూడుసార్లు చెప్పించుకుంది.

మాస్టారి విషయం మాత్రం అంత త్వరగా తేలలేదు. మరదలు అదే తీర్పు పట్టుకుని ఆయన తరఫున పిటిషన్ వేసింది. ప్రభుత్వం ఒకసారి గడువు అడిగింది, ఇంకోసారి వకీలుకి ఒంట్లో బాగాలేదంది. హలో ప్రతి వాయిదాకూ దుకాణం కట్టేసి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేవాడు. చివరికి ప్రభుత్వ వకీలు లేచి, “ఈ కేసు వేరండీ. ఈయన నిజంగానే బాగా మాట్లాడతారు” అన్నాడు. రాసుకునే జడ్జిగారు పెన్ను కింద పెట్టి, “అది నేరమని ఏ చట్టంలో ఉందో చూపించండి” అన్నారు. ఆయన చూపించలేకపోయాడు.

మాస్టారిని వదిలిన రోజు పొద్దున జైలు గేటు ముందు హలో, భార్య, మరదలు, అత్తగారు నలుగురూ నిలబడ్డారు. భార్య పూటకు సెలవు పెట్టింది. మాస్టారింట్లోంచి తెచ్చిన ఆయన కళ్లజోడు హలో జేబులో ఉంది. మాస్టారు చిక్కి, గడ్డం పెరిగి, చిన్న సంచి పట్టుకుని బయటికొచ్చారు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కరి ముఖమూ తేరిపార చూశారు. హలో భుజం మీద చెయ్యి వేశారు. ఏదో అనబోయి ఆగిపోయారు. మాటలు రాని మాస్టారిని చూడటం హలోకి అదే మొదలు. హలో కంగారుపడి, “ఏం పర్లేదు మాస్టారూ, బండిలో కూర్చున్నాక చెబుదురు గాని” అన్నాడు.

కూర్చున్నాక మాస్టారు నిజంగానే మొదలుపెట్టారు. జైలు ఎందుకు పుట్టింది, మొదటి జైలు ఎవరు కట్టించారు, అందులో మొదట ఎవర్ని వేశారు. అత్తగారు వినబడకపోయినా తల ఊపుతూ, ఊపు మధ్యలోనే నిద్రలోకి జారుకుంది. మార్కెట్టు దాటాక మరదలు చేతులు జోడించింది.

“మాస్టారూ, మీకు మాట్లాడే హక్కుందని పోరాడింది నేనే. నాకు కాస్త వినకుండా ఉండే హక్కు ఇప్పించండి.”

మాస్టారు గట్టిగా నవ్వి, పాపం, నోరు మూసుకున్నారు. బండి మలుపు తిరిగింది.

“మా చెల్లి వినకపోతే పోనీ లెండి,” అంది భార్య, తలుపు వైపున్న తల ఇటు తిప్పి. “నేనూ ఈయనా వింటాం. ఇంతకీ జైల్లో వేసిన ఆ మొదటాయన బయటికొచ్చాడా, లేదా?”

హలో కొంచెం జరిగి, మాస్టారు కాళ్లు చాపుకోవడానికి చోటిచ్చాడు.